శుల్కం, ముద్దాయి, సాక్షి: 'కన్యాశుల్కం'లో న్యాయపదాల పూర్వాపరాలు

'కన్యాశుల్కం' నాటకం మీద వచ్చిన విమర్శ విస్తారమైనది. పాత్రచిత్రణ, హాస్యం, వ్యావహారిక భాష, సంస్కరణోద్యమ నేపథ్యం మొదలైన అంశాలను తరతరాల విమర్శకులు పరిశీలించారు. అయితే ఆ నాటకంలో అడుగడుగునా వినిపించే కోర్టుమాటల ప్రసక్తి సాధారణంగా రెండు సందర్భాలలోనే వస్తుంది. భాషాపరిశోధకులు వాటిని అన్యదేశ్యాల పట్టికలో చేరుస్తారు. సాహిత్యవిమర్శకులు వాటిని హాస్యానికీ వాతావరణకల్పనకూ దోహదం చేసే సామగ్రిగా చూస్తారు. ఈ రెండు పద్ధతులలోనూ పదం ఎక్కడి నుండి వచ్చిందో తెలుస్తుంది. ఆ పదం వచ్చిన తరువాత ఎవరికి నోరు వచ్చింది, ఎవరికి పోయింది అన్నది తెలియదు. ఒక న్యాయపదం ఒక వ్యవస్థ నుండి మరొక వ్యవస్థలోకి నడిచినప్పుడు దానితోపాటు హక్కుదారు కూడా నడిచి వస్తాడన్న భరోసా లేదు. శుల్కం, ముద్దాయి, సాక్షి అనే మూడు మాటల ఆధారంగా ఈ విషయాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా నేపథ్యం. తెలుగునేల మీద న్యాయం మాట్లాడిన భాషలలో తొలి పొర స్మృతుల సంస్కృతం. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి 'మితాక్షర' అనే వ్యాఖ్య రచించాడు. 13వ శతాబ్దిలో కేతన దానిని 'విజ్ఞానేశ్వరీయం' పేరిట ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలుగా తెలుగు పద్యంలోకి తెచ్చాడు. 'ఆంధ్రభాషాభూషణం' రచించిన కవే ఈ పనికి పూనుకోవడం గమనించదగినది. వ్యాకరణమూ ధర్మశాస్త్రమూ రెండూ ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అనే ప్రశ్నకే సమాధానం వెతుకుతాయి.

ఆ శాస్త్రంలో 'వ్యవహారం' అంటే వివాదనిర్ణయం. నానావిధ సందేహాలను హరించేది కాబట్టి వ్యవహారమని కాత్యాయనుడు వ్యుత్పత్తి చెప్పాడు. మితాక్షర ప్రకారం వ్యవహారానికి నాలుగు పాదాలు: భాషాపాదం, ఉత్తరపాదం, క్రియాపాదం, సాధ్యసిద్ధిపాదం. అర్థి తన ఆరోపణను వ్రాయించడం 'భాష'. ప్రత్యర్థి ఇచ్చే సమాధానం 'ఉత్తరం'. రుజువు చూపడం 'క్రియ'. నిర్ణయం 'సాధ్యసిద్ధి'. భాషాశాఖలలో పనిచేసే మనకు ఇందులో ఒక చమత్కారం కనబడకపోదు. గిడుగు, గురజాడలు ఏ 'వ్యావహారిక భాష' కోసం వాదించారో ఆ సమాసాన్ని విజ్ఞానేశ్వరుని ముందు ఉంచితే, ఆయన దానిని వ్యాజ్యంలో దాఖలైన ఫిర్యాదుపత్రంగా అర్థం చేసుకొని ఉండేవాడు. గ్రాంథికవాదులతో వారు నడిపిన వాదాన్ని తలచుకుంటే ఆ అర్థం కూడా అంత దూరమైనది కాదు.

రెండవ పొర పారసీకం ద్వారా వచ్చిన అరబ్బీ, పారసీక పదజాలం. గోలకొండ కుతుబ్‌షాహీల కాలం (1518–1687) నుండి పరిపాలనలో దావా, వకీలు, ఫిర్యాదు, జామీను, జప్తు, హక్కు, రాజీనామా వంటి మాటలు స్థిరపడ్డాయి. మూడవది ఆంగ్లం. ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమైన తరువాత, 1802 నాటి రెగ్యులేషన్లతో మద్రాసు రాజధానిలో జిల్లా కోర్టులు ఏర్పడ్డాయి. అప్పీలు, ప్లీడరు, సమను, వారంటు వంటి మాటలు వాటితోనే వచ్చాయి. అయితే ఆంగ్లం రావడంతో పారసీక పదాలు తొలగిపోలేదు. కంపెనీ కచేరీలు ఆ పదాలనే తమ పనికి వాడుకున్నాయి. తెలుగు జిల్లాలలో న్యాయాధికారిగా పనిచేసిన సి. పి. బ్రౌన్ తన ప్రధాన నిఘంటువు చాలదన్నట్లు, మిశ్రభాషాపదాలకు 1854లో వేరే నిఘంటువు ప్రకటించవలసి వచ్చింది. అలాంటి పుస్తకం లేనిదే కచేరీ కాగితం అర్థం కాని స్థితి ఆనాటిది.

ఈ పొరలు ఒకదానిపై ఒకటి చక్కగా పేర్చిన పలకలు కావు, ఒకదానిలో ఒకటి చొచ్చుకొని ఉంటాయి. మా ఇంట్లో ఉన్న పాత క్రయదస్తావేజు ఒకటి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. 'క్రయం' సంస్కృతం, 'దస్తావేజు' పారసీకం, దానిని నమోదు చేసిన 'రిజిస్ట్రారు' ఆంగ్లం. లోపల నిధి, నిక్షేపం, జలం, పాషాణం అంటూ సాగే అష్టభోగాల వరుస. విజయనగర రాజుల దానశాసనాలలో అగ్రహారాలకు వ్రాసిన ఆ వరుస, ఒక చిన్నరైతు కొన్న ఎకరంన్నర మెట్టభూమికి కూడా తు.చ. తప్పకుండా పట్టింది. ఆ నేలలో నిధులూ నిక్షేపాలూ ఎన్నడూ దొరకలేదు, జలం కూడా అంతంతమాత్రమే. మాట మాత్రం మిగిలింది.

ఇక నాటకం పేరులోనే ఉన్న మాట. 'శుల్కం' అనగానే మనకు తోచేది తండ్రి పుచ్చుకునే సొమ్ము. ఆడపిల్లను అమ్ముకోవడమనే దురాచారంగానే దానిని విమర్శ చర్చించింది. ఈ ఖండన కొత్తది కాదు. కూతురి కోసం శుల్కం పుచ్చుకున్న తండ్రిని సంతానాన్ని విక్రయించినవాడిగా మనుస్మృతి కూడా నిందించింది, అటువంటి వివాహాన్ని ఆసురమన్నది. ఇంతవరకు అందరికీ తెలిసినదే. కాని శుల్కం ధర్మశాస్త్రంలో మరొకచోట కూడా కనిపిస్తుంది. స్త్రీధనం ఏవేవి అని లెక్కించేటప్పుడు యాజ్ఞవల్క్యుడు బంధువులిచ్చిన దానితోపాటు శుల్కాన్ని కూడా చేర్చాడు. దేనిని పుచ్చుకొని కన్యను ఇస్తారో అది శుల్కమని మితాక్షర వివరించింది. అంటే పుచ్చుకున్న చేయి ఎవరిదైనా, శాస్త్రం దృష్టిలో ఆ సొమ్ము లెక్క ఆమె పేరున ఉన్నది.

దీనిని అతిగా కీర్తించవలసిన పని లేదు. ఆమె మరణిస్తే ఆ శుల్కం కూతుళ్లకు కాక సోదరులకు చెందాలన్న నియమం కూడా అదే సంప్రదాయంలో ఉన్నది. ఆచరణలో ఏ వధువు తన శుల్కాన్ని తన చేతితో లెక్కపెట్టుకున్నదో చెప్పగల ఆధారం స్మృతిగ్రంథం కాజాలదు. అయినా ఒక పదానికి ఒకప్పుడు 'ఆమెది' అనే అర్థం వర్గీకరణలోనైనా ఉండడం, తరువాత పూర్తిగా 'ఆయనది' కావడం అర్థపరిణామ చరిత్రలో చిన్న విషయం కాదు. అగ్నిహోత్రావధానులు తన చిన్నకూతురికి పద్దెనిమిదివందల రూపాయలకు లుబ్ధావధానులుతో సంబంధం ఖాయపరచినప్పుడు ఆ బేరం మగవారి మధ్యనే సాగుతుంది. భార్య ఏడ్చినా, బావిలో దూకినా అంకె మారదు. ఆ సొమ్ము పిల్లదని పొరపాటుగానైనా ఎవరూ అనరు. వేదశాస్త్రాలు చదివిన ఇంట స్త్రీధన ప్రకరణం ఎవరికీ గుర్తురాకపోవడమే, నా దృష్టిలో, ఆ నాటకంలోని అత్యంత నిశ్శబ్దమైన వ్యంగ్యం. గురజాడ దీనిని ఉద్దేశించి వ్రాశారని నేను అనడం లేదు. పేరులోని పదం మోసుకువచ్చిన చరిత్ర వల్ల అది అక్కడ ఉన్నదని మాత్రమే నా వాదం.

ఈ కుదింపు అగ్రహారంలో మాత్రమే జరగలేదు. స్త్రీధనమనే మాటకు విజ్ఞానేశ్వరుడు విశాలమైన అర్థం చెప్పాడు. వారసత్వం, క్రయం, విభాగం మొదలైన మార్గాలలో స్త్రీకి వచ్చినదంతా అందులో చేరుతుందన్నాడు. 1810లో కోల్‌బ్రూక్ మితాక్షరలోని దాయభాగ ప్రకరణాన్ని ఆంగ్లంలోకి అనువదించిన తరువాత, బ్రిటిషు న్యాయస్థానాలు హిందూ వారసత్వాన్ని ఆ గ్రంథం ఆధారంగానే నిర్ణయించసాగాయి. అయినా ప్రీవీ కౌన్సిల్ తీర్పులు వారసత్వంగా వచ్చిన ఆస్తిపై స్త్రీకి పరిమితమైన అనుభవాన్నే అంగీకరించాయి. అనువాదంలో పదం నిలిచింది, అర్థం తగ్గింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షన్ వచ్చేదాకా ఆ తగ్గింపు కొనసాగింది. కనుక శుల్కం విషయంలో అగ్రహారం చేసిన పనిని, స్త్రీధనం విషయంలో అత్యున్నత న్యాయపీఠం కూడా తన పద్ధతిలో చేసిందనవచ్చు.

రెండవ మాట 'ముద్దాయి'. తెలుగులో నేడు ఈ మాటకు నేరం మోపబడినవాడని అర్థం. దీని మూలం అరబ్బీ. 'దావా'కూ దీనికీ ధాతువు ఒక్కటే. ఆ భాషలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, వాది. ఎవరిమీద దావా పడిందో అతడు ముద్దాఅలైహి. ఉర్దూలో ఈ భేదం నేటికీ నిలిచి ఉన్నది. తెలుగులో మాత్రం వాది పేరు నిందితునికి వచ్చింది. పలుకుబడిలో రెండు మాటలు దగ్గరగా ఉండడం, రెండవ దాని తోక ఊడిపోవడం దీనికి కారణమని ఊహించవచ్చు. ధ్వనిపరంగా ఇది సహజమే. అయితే ఇంత కీలకమైన తేడా చెరిగిపోయినా వాడుకరులకు ఇబ్బంది కలగకపోవడం ఆలోచింపజేస్తుంది. దావా వేసినవాడు, వేయించుకున్నవాడు అన్న తేడా కంటే కచేరీకి ఈడ్వబడినవాడు, ఈడ్వబడనివాడు అన్న తేడాయే సామాన్యుడికి ముఖ్యమై ఉండాలి. కోర్టుగడప తొక్కిన ప్రతివాడూ ఒకరకంగా ముద్దాయే. కోర్టులో గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడుస్తాడు, ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు అని జనం చెప్పుకునే మాటలోనూ ఈ తర్కమే ఉన్నది.

'ఫిర్యాదు' మూలార్థం ఆర్తనాదం. తెలుగు 'మొర'కు అది సరిజోడు. 'రాజీనామా' తొలుత ఇరుపక్షాలూ ఒప్పుకొని వ్రాసుకున్న పత్రం. నేడు రాజీ ఒక దారిని, రాజీనామా మరొక దారిని పోయాయి. అచ్చతెలుగు 'తగవు' ప్రయాణం వీటన్నిటి కంటే విచారకరం. తగినది, న్యాయమైనది అనే అర్థంలో పాతకావ్యాలలో కనిపించే ఆ మాటకు ఇప్పుడు జగడమనే అర్థమే మిగిలింది. న్యాయం కోసం వెళ్లడం అంటేనే జగడానికి వెళ్లడమని భాష నిర్ణయించుకున్నట్లున్నది.

ఈ నేపథ్యంలో నాటకంలోని రామప్పపంతులు అర్థమవుతాడు. అతనికి భూమి బలం కాదు, శాస్త్రం బలం కాదు. పదజాలమే అతని బలం. ఏ మాటకు ఏ సెక్షన్ జవాబో, ఏ అర్జీకి ఏ అధికారి దిగివస్తాడో తనకు తెలుసునని ఎదుటివాడిని నమ్మించగలగడం మీదనే అతని జీవనం నడుస్తుంది. లుబ్ధావధానులు వంటి లోభి సైతం అతనికి లొంగడానికి కారణం ఈ భయమే. తనకు అర్థం కాని భాషలో తన మెడకు ఉరి బిగుస్తుందేమోనన్న భయం అది. ఆ భయం నిజమే అవుతుంది. మాయపెండ్లికూతురు కనబడకుండా పోగానే ఆమెను హత్య చేశాడన్న అనుమానంతో అతడు ముద్దాయి అవుతాడు. చంపబడిందనుకున్న వ్యక్తి అసలు స్త్రీయే కాదు, కరటకశాస్త్రి శిష్యుడు. వివాహం వివాహం కాదు. హతురాలు లేదు. కాగితం మీద మాత్రం నేరం సర్వాంగసంపూర్ణంగా ఉన్నది. కచేరీ పదజాలం తనంతట తాను ఒక లోకాన్ని సృష్టించుకోగలదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన సాహిత్యంలో నాకు కనబడలేదు.

ఇదే తర్కం బుచ్చమ్మ విషయంలో హాస్యాన్ని దాటి పోతుంది. ఆమె గిరీశంతో వెళ్లిపోయినప్పుడు తండ్రి విశాఖపట్నంలో వ్యాజ్యానికి సిద్ధపడతాడు. 1860 నాటి శిక్షాస్మృతిలో సంరక్షకుని అదుపు నుండి బాలికను తీసుకుపోవడం నేరం. నాటి నిబంధన ప్రకారం బాలికకు వయఃపరిమితి 16 ఏళ్లు. ఆ సెక్షన్ అడిగే ప్రశ్నలు ప్రధానంగా రెండు: ఆమె వయస్సెంత, సంరక్షకుడు అంగీకరించాడా. ఆ వయస్సు లోపు ఆమె అంగీకారానికి అక్కడ చోటు లేదు. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం ఆమెకు తిరిగి పెండ్లాడే అవకాశం ఇచ్చింది. నాలుగేండ్ల తరువాత వచ్చిన శిక్షాస్మృతి ఆమెను తండ్రి అదుపులోని వస్తువుగా చూడగల వీలునూ ఇచ్చింది. ఈ రెండు చట్టాల మధ్య బుచ్చమ్మ నిలబడి ఉన్నది. చివరకు ఆమెను పూనాలోని వితంతుశరణాలయానికి పంపాలన్న నిర్ణయం సౌజన్యారావు పంతులుది. అది మంచి నిర్ణయమే కావచ్చు. ఆమెది మాత్రం కాదు.

మూడవ మాట 'సాక్షి'. సాక్షాత్తుగా చూచినవాడు అని ఈ పదానికి పాణినీయం చెప్పే అర్థం. చూచిన ప్రతివాడూ సాక్షి కాగలడని పదం చెబుతుంది, స్మృతి అలా చెప్పదు. సాక్షులు కాదగనివారి జాబితాలో యాజ్ఞవల్క్యుడు స్త్రీని, బాలుని, వృద్ధుని, జూదరిని, ఉన్మత్తుని, పాషండుని, కూటలేఖనం చేసినవాడిని, రంగస్థలం మీద వేషం కట్టేవాడిని చేర్చాడు. సాహసం, చౌర్యం వంటి నేరాలలో ఈ నిషేధం సడలుతుంది. స్త్రీల వ్యవహారాలలో స్త్రీలే సాక్ష్యం చెప్పాలని మనువు అన్నాడు. మొత్తం మీద మాత్రం చూపు ఒకరిది, సాక్ష్యం చెప్పే అర్హత మరొకరిది.

1872 నాటి సాక్ష్య చట్టంలోని 118వ సెక్షన్ ఈ జాబితాను ఒక్కవేటున తుడిచివేసింది. ప్రశ్నను అర్థం చేసుకొని తగిన జవాబు ఇవ్వగల వారందరూ సాక్ష్యానికి అర్హులే. లింగం, వృత్తి, కులం ఆటంకాలు కావు. ఈ చట్టం వచ్చిన 20 ఏళ్లకు, 1892లో, 'కన్యాశుల్కం' విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. విస్తృతమైన రెండవ కూర్పు 1909లో వెలువడింది. కనుక చట్టం దృష్టిలో మధురవాణి నిర్దుష్టమైన సాక్షి. కరటకశాస్త్రి పన్నిన నాటకం ఆమెకు ఆద్యంతం తెలుసు. ఆమె ఒక్క మాట చెబితే లుబ్ధావధానులుపై మోపిన అభియోగం నిలవదు.

ఆ మాట ఆమె ఎక్కడ చెప్పింది? బోనులో కాదు. రాత్రివేళ, పురుషవేషం ధరించి, సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి చెప్పింది. వేశ్యల ముఖం చూడని వ్రతం పట్టిన ఆ న్యాయవాదితో మాట్లాడడానికి ఆమె తన రూపాన్ని దాచుకోవలసి వచ్చింది. యాజ్ఞవల్క్యుడు కాదన్న అర్హతల్లో రెండింటిని ఆమె ఒక్కసారే అతిక్రమించింది: ఆమె స్త్రీ, పైగా వేషం కట్టింది. చట్టం చెరిపివేసిన జాబితా సంస్కర్త ఇంటి గుమ్మం దగ్గర ఇంకా కావలి కాస్తున్నది. ఈ దృశ్యాన్ని మధురవాణి చాతుర్యానికి పరాకాష్ఠగా విమర్శ మెచ్చుకున్నది, మెచ్చుకోదగినదే. కాని వేషం తప్పనిసరి కావడానికి కారణం చాతుర్యం కాదని గుర్తించాలి. సంస్కరణవాది నియమమూ స్మృతికారుని నిషేధమూ ఒకే చోట కలుస్తున్నాయి. సౌజన్యారావును ఆదర్శపాత్రగా చూసే అలవాటును ఈ ఒక్క కారణంగానైనా పునఃపరిశీలించవలసి ఉన్నదని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉన్నది. ఇరవయ్యో శతాబ్దారంభపు నాటకాన్ని పన్నెండో శతాబ్ది వ్యాఖ్యతో చదవడం కాలవిరుద్ధం కాదా? స్మృతి అప్పటికే మూలపడిన పుస్తకమైతే ఈ ఆక్షేపణ నిలిచేది. కాని ఆ కాలంలో మితాక్షర కోర్టులలో ప్రతిదినం ఉటంకించబడే ప్రమాణం. దత్తత, విభాగం, వారసత్వం ఏవి వచ్చినా వకీళ్లు దానినే తెరిచేవారు. గురజాడకు ఆ లోకం పరోక్షపరిచయం కాదు. 1897లో ఆనందగజపతి మరణించిన తరువాత ఆయన రీవా మహారాణి అప్పలకొండయాంబకు కార్యదర్శిగా ఉంటూ, విజయనగర సంస్థానం దత్తత వ్యాజ్యానికి సంబంధించిన పనులు చూశారు. రెండవ కూర్పు రూపుదిద్దుకున్నది ఆ సంవత్సరాలలోనే. ఒకదాని నుండి మరొకటి పుట్టిందని దీనివల్ల తేలదు. వ్యాజ్యపు కాగితాల వాసన తెలిసిన చేయి ఆ కూర్పును తీర్చిందని మాత్రం చెప్పవచ్చు.

మరొక ఆక్షేపణ భాషాశాస్త్రం వైపు నుండి రావచ్చు. ప్రతి అర్థపరిణామం వెనుకా అధికారచరిత్రను వెతకడం అతివ్యాప్తి కాదా అని. అందుకే పై చర్చలో 'వాయిదా', 'హాజరు' వంటి మాటలను నేను ఎంచుకోలేదు. వాటి అర్థం స్వల్పంగా జరిగింది, ఎవరి స్థానాన్నీ తారుమారు చేయలేదు. శుల్కంలో సొమ్ము ఎవరిదన్న లెక్క మారింది. ముద్దాయిలో వాది, ప్రతివాది పేర్లు కలిసిపోయాయి. సాక్షిలో చట్టం మారినా ఆచరణ మారలేదు. మూడింటి నడక మూడు తీరులుగా ఉన్నది, ఒకే సూత్రంలో ఇమడదు. అన్యదేశ్యాలు, తత్సమాలు అనే విభజన వీటిలో దేనినీ వివరించలేదు. 'శుల్కం', 'సాక్షి' తత్సమాలు కనుక మారలేదని, 'ముద్దాయి' అన్యదేశ్యం కనుక మారిందని అనుకోవడానికి వీలు లేకుండా నాటకమే అడ్డుపడుతుంది.

సౌజన్యారావు ఇంట ఆ రాత్రి మధురవాణి చెప్పిన మాటలు చట్టభాషలో వాఙ్మూలం కావు. వాటిని ఏ గుమాస్తా వ్రాసుకోలేదు, ఆమె చేత ఎవరూ సంతకం పెట్టించలేదు. వాటి వల్ల తప్పించుకోగలిగిన ముద్దాయికి లుబ్ధావధానులన్న పేరున్నది. డిప్యూటీ కలెక్టరు కచేరీ రికార్డులో ఆమె పేరు చేరే అవసరమే ఎవరికీ కలగలేదు.